కొత్త ఫ్యూయల్ పంపు వేశామంటే సీటు ఎత్తి చూడండి: నల్లగొండ కారు యజమానులకు హెచ్చరిక

కారు నడుస్తూ నడుస్తూ ఆగిపోతోందని నల్లగొండలో గ్యారేజీకి ఇవ్వబోయేవారు ముందుగా ఇది చదవండి. నన్ను మోసం చేసిన గ్యారేజీ పేరు రాయను. బిల్లు అడిగితే విజిటింగ్ కార్డు వెనుక అంకెలు వేసి చేతిలో పెట్టే చోటు ఏదో, అక్కడ దెబ్బతిన్నవారికి చెప్పకుండానే తెలుస్తుంది.

నాది పదేళ్ల నాటి పెట్రోలు కారు. ఏప్రిల్ నెలాఖరు నుంచి, ఎండలో అరగంట నడిచాక ఇంజను ఉన్నట్టుండి ఆగిపోవడం, ఇరవై నిమిషాలు చల్లబడ్డాక ఏమీ ఎరగనట్లు మళ్లీ స్టార్ట్ కావడం మొదలైంది. గ్యారేజీ యజమాని బానెట్ ఎత్తి అర నిమిషం చూసి "పంపు పోయింది సార్" అన్నాడు. ప్రెషర్ గేజ్ పెట్టలేదు, లోపాల కోడ్‌లు చదివే స్కానర్ తగిలించలేదు, నేనూ అడగలేదు. రెండు రోజుల తర్వాత ఫ్యూయల్ పంపుకు 7,800, థ్రాటిల్ బాడీ శుభ్రం చేసినందుకు 1,200, నాలుగు స్పార్క్ ప్లగ్గులకు 1,000, కూలి 1,500, వెరసి 11,500 రూపాయలు ఫోన్‌లో పంపించి బండి తెచ్చుకున్నాను. పాత పంపు ఏదని అడిగితే "పాత సామాన్లోడు పట్టుకపోయిండు సార్" అన్నాడు. నమ్మాను.

మొన్న గురువారం అమ్మను కంటి పరీక్షకు హైదరాబాద్ తీసుకెళ్తుండగా, పంతంగి టోల్‌గేట్ వరుసలో, ముందు ఒక లారీ, వెనుక ఒక ఆర్టీసీ బస్సు ఉన్న సమయంలో, కారు మళ్లీ ఆగింది. వెనుక మోగిన హారన్ల సంగతి వదిలేస్తాను. టోల్ సిబ్బంది తోసి పక్కన పెట్టారు. చల్లబడ్డాక ఎలాగోలా చౌటుప్పల్ చేరి, రోడ్డు పక్కన ఒక పెద్దాయన షెడ్డులో ఆపాను.

ఆయన వెంటనే బానెట్ ఎత్తలేదు. "ఆగేటప్పుడు దగ్గి దగ్గి ఆగుతదా సారూ, స్విచ్చు బంద్ చేసినట్టు ఆగుతదా?" అని అడిగాడు. స్విచ్ తీసినట్లే ఆగుతుందన్నాను. పెట్రోలు అందకపోతే బండి గుంజుతూ, దగ్గుతూ ఆగుతుందని, ఇలా టక్కున ఆగితే ముందు కరెంటు వైపు చూడాలని చెప్పి, ఇంజను వేడెక్కి ఆగేదాకా నడిపించాడు. ఆగాక తాళం తిప్పుతూ, ఇంజను వేగం చూపే ఆర్‌పీఎం ముల్లును గమనించమన్నాడు. స్టార్టర్ ఇంజనును తిప్పుతూనే ఉంది, ముల్లు మాత్రం సున్నా మీద నుంచి కదలలేదు. ఇంజను తిరుగుతోందని కారు కంప్యూటరుకు చెప్పే క్రాంక్ సెన్సార్ మీద తడిగుడ్డ వేసి నాలుగు నిమిషాలు ఆగి తిప్పితే ఇంజను అందుకుంది. స్కానర్ కూడా ఆ సెన్సార్ కోడే చూపింది.

ఇక్కడ నా గొప్పతనం కూడా చెప్పుకోవాలి. నేను పదో తరగతికి భౌతికశాస్త్రం బోధిస్తాను. నా కారులోని ఆ సెన్సార్ ఒక అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగి తీగ చుట్ట, అంతే. పళ్ల చక్రం దాని ముందు తిరిగినప్పుడు తీగలో విద్యుత్తు పుడుతుంది. వేడికి తీగ వ్యాకోచించి లోపలి పగులు విడిపోతే సంకేతం ఆగిపోతుంది, సంకేతం రాకపోతే కంప్యూటరు ప్లగ్గుకు నిప్పు, ఇంజెక్టరుకు పెట్రోలు రెండూ ఆపేస్తుంది. విద్యుదయస్కాంత ప్రేరణ మీద ఏటా ప్రశ్నపత్రం తయారుచేసే మనిషి "పంపు పోయింది" అన్న రెండు మాటలకు పదకొండు వేల ఐదువందలు కట్టాడు.

పంపు మాత్రం కొత్తదేనని నేను పెద్దాయనతో ధీమాగా అన్నాను. ఆయన తాళం ఆన్‌లో పెట్టించి, పంపు ఉండేది వెనుక సీటు కిందే కాబట్టి అక్కడ చెవి ఆనించి, తాళం తిప్పగానే పంపు చేసే ఆ రెండు క్షణాల మూలుగు విని "ఇది కొత్త పంపు సప్పుడు కాదు సారూ" అని సీటు ఎత్తాడు. పంపు మూత మీద వేలు మందాన దుమ్ము ఉంది. అంచు చుట్టూ కంపెనీలో పెట్టిన నల్లటి జిగురు ఎక్కడా తెగలేదు. ఆ దుమ్ములో, మూత మీదనే, ఎండి ముడుచుకుపోయిన తంగేడు రేకులు ఏడెనిమిది అంటుకుని ఉన్నాయి. నిరుడు సద్దుల బతుకమ్మకు మా ఇంట్లోవాళ్లు వెనుక సీటు నిండా తెచ్చిన పూలు అవి. ఏడు నెలలుగా ఆ సీటును ఎవరూ ఎత్తలేదు. నా కొత్త పంపు ఆ విజిటింగ్ కార్డు మీద తప్ప ఎక్కడా లేదు.

సెన్సార్‌కు 1,450, కూలి 300. అప్పటి నుంచి కారు ఒక్కసారి కూడా ఆగలేదు.

నిన్న సాయంత్రం ఫోటోలతో గ్యారేజీకి వెళ్లాను. యజమాని ఫోటో చూసి తల కూడా ఎత్తకుండా, కుర్రాళ్ల ముందు, "ఇప్పుడు బండి నడుస్తుందా లేదా సార్? నడుస్తుంటే మళ్ల పంచాయితీ ఏంది?" అన్నాడు. బండిని నడిపించింది చౌటుప్పల్ మేస్త్రీ అని నేననగానే, "అయితే పోయి ఆయన్నే అడుగుండ్రి పైసలు" అన్నాడు. కుర్రాళ్లు నవ్వారు. డబ్బు పోయినందుకంటే ఆ నవ్వుకే నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఏదో పొరపాటు జరిగిందని ఒక్క మాట అని ఉంటే నేను ఈ పోస్టు రాసేవాడిని కాదేమో, నా స్వభావం అంత మెతక.

మీకు చెప్పేదల్లా ఇదే: పాత భాగం చేతికి ఇవ్వనిదే డబ్బు ఇవ్వకండి, భాగం పేరుతో జీఎస్టీ బిల్లు అడగండి, స్కానర్ పెట్టకుండా జబ్బు పేరు చెప్పేవాడి దగ్గర తాళం వదలకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫిర్యాదు చేశాను. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రుసుము కూడా ఉండదు. సోమవారం అక్కడికి వెళ్తున్నాను. రేకులను అలాగే ఉంచి సీటు మూశాను. ఆలోగా డబ్బు తిరిగి ఇవ్వాలనిపిస్తే, నా నంబరు ఆయన ఫోన్‌లోనే ఉంది, 11,500 వచ్చిన మెసేజ్ పక్కనే.