నాసిక్‌లో రాత్రి భోజనం, మూడు ప్రాంతాల రెడ్ వైన్లు

నాసిక్ వెళ్తే వైన్ సంగతి వైనరీలో, అంటే వైన్ తయారుచేసే చోట, నిలబడి తేల్చుకోకండి, ఇంటివాళ్ళతో, మన కూరలతో కూర్చుని రుచి చూడండి. మేం షిరిడీ దర్శనం చేసుకుని అక్కడి నుంచి కారులో వెళ్ళాం, దాదాపు 90 కిలోమీటర్లు. ద్రాక్ష తోటల మధ్య ఉండే రిసార్టులు అందంగా ఉంటాయి కానీ శని, ఆదివారాల్లో ముంబయి, పుణె జనంతో నిండిపోతాయి, రేట్లూ ఎక్కువే. అందుకే గంగాపూర్ డ్యామ్ వైపు వంటగది ఉన్న హోమ్‌స్టే తీసుకున్నాం. వాళ్ళే సరుకులు తెచ్చిపెట్టారు, గిన్నెలు శుభ్రంగా ఉన్నాయి. ఆ డ్యామ్ కట్టింది మన గోదావరి మీదే అని తెలిశాక అత్తయ్యకి ఆ చోటు మరీ నచ్చింది.

పగలు ఒక వైనరీకి వెళ్ళాం. గుంపుగా నిలబెట్టి గబగబా పోసి పంపించేశారు, ఏదైనా అడుగుదామంటే వినే తీరిక ఎవరికీ లేదు, డబ్బులిచ్చి వెళ్ళినవాళ్ళకి అది బాధే. ఫిబ్రవరి కాబట్టి ద్రాక్ష కోతలు మాత్రం చూడగలిగాం. ఇక్కడ వానలు తగ్గాక కొమ్మలు కత్తిరించి, ఎండలు ముదరకముందే పళ్ళు కోసేస్తారు.

రాత్రికి మూడు సీసాలు తీశాం: నాసిక్ సులా వాళ్ళ దిండోరి రిజర్వ్ షిరాజ్, నంది హిల్స్ గ్రోవర్ వాళ్ళ లా రిజర్వ్, షోలాపూర్ జిల్లా అక్లూజ్ నుంచి ఫ్రాటెల్లి సెట్టే. తెరిచే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టాం, మన గది వేడికి వదిలేస్తే ఆల్కహాల్ ఘాటే ముందు తగులుతుంది.

ఉత్తగా తాగినప్పుడు లా రిజర్వే గొప్పగా అనిపించింది, కాబెర్నే, షిరాజ్ అనే రెండు రకాల నల్లద్రాక్షలు కలిపి చేసి ఓక్ చెక్క పీపాల్లో ఉంచిన వైన్ అది, బావగారైతే ఇంక వేరేది అక్కర్లేదన్నారు. కానీ అక్క చేసిన మటన్ వేపుడు నోట్లో పడగానే లెక్క మారిపోయింది. ద్రాక్ష తొక్కల నుంచీ పీపా చెక్క నుంచీ వచ్చే టానిన్ల వగరుకి కారం తోడై నాలుక మండిపోయింది. దిండోరి షిరాజ్‌లో పండు రుచి, కాస్త మిరియాల వాసన ఉంటాయి కాబట్టి వేపుడుతో హాయిగా కలిసిపోయింది. సెట్టేలో కాబెర్నేతో పాటు సాంజోవేసే అనే ఇటలీ ద్రాక్ష ఉంది, దాని పులుపు టమాటా పప్పన్నంతో ఎంత బాగా కుదిరిందంటే నా ఓటు దానికే.

మిగిలిన సీసాలు రాష్ట్రం దాటించాలంటే ఎక్సైజ్ నిబంధనలుంటాయి, కనుక్కోకుండా సంచిలో పెట్టుకోకండి. తాగనివాళ్ళూ పిల్లలూ ఉంటే అక్కడి తాజా ద్రాక్ష కొనండి, మావాళ్ళు బుట్ట ఖాళీ చేసేదాకా లేవలేదు.