జపాన్ తిమింగలాల ఊళ్లు: తైజికి వెళ్లాలా, వాదాకా?

జపాన్‌లో తిమింగలాల వేట అనగానే అందరూ తైజికే టికెట్ తీస్తారు, పేరు మోగింది ఆ ఊరిదే కాబట్టి. చరిత్ర కోసమైతే సరే. వేటను కళ్లారా చూడాలనుకుంటే మాత్రం తైజిలో టార్పాలిన్ చాటు తప్ప ఏమీ మిగలదు. పట్టిన జంతువును అందరి ముందూ కోసే ఊరు చిబా తీరంలోని వాదా.

ముందు తైజి సంగతి. ఒసాకా నుంచి కురోషియో ఎక్స్‌ప్రెస్‌లో నాలుగు గంటల లోపు ప్రయాణం. కొన్ని కురోషియోలు షిరహామాలోనే ఆగిపోతాయి, షింగూ దాకా వెళ్లేదేనా అని చూసి ఎక్కాలి. నగోయా నుంచి నాంకి ఎక్స్‌ప్రెస్ ఉంది గానీ మధ్యలో కొంత దూరం ఇసే రైల్వే పట్టాల మీద నడుస్తుంది. పర్యాటకులు కొనే జేఆర్ రైలు పాస్ అక్కడ చెల్లదు, ఆ ముక్కకు విడిగా చార్జీ కట్టాలి. పైగా అది కీ-కత్సురాలోనే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి లోకల్ రైల్లో రెండో స్టేషన్ తైజి.

దిగాక మ్యూజియం రెండు కిలోమీటర్లకు పైనే. బస్సులు తక్కువ, తిరుగు బస్సు వేళ ముందే చూసుకోకపోతే నడకే గతి. 1969లో తెరిచిన ఈ మ్యూజియంలో అస్థిపంజరాలు, పాత వేట పడవలు, పనిముట్లు బాగున్నాయి. 1606లో ఇక్కడ జట్లు కట్టి వేట మొదలెట్టడం, తర్వాత వలల్లోకి తరిమి ఈటెలతో పొడవడం, 1878లో తల్లీపిల్లా తిమింగలాల వెంటపడి తుపానులో చిక్కి వందమందికి పైగా చచ్చిపోవడం, ఇవన్నీ తెలుసుకుని వెళ్తే ఆ గదులకు అర్థం వస్తుంది. అదే ఆవరణలో డాల్ఫిన్ ఆటలూ ఉంటాయి. పట్టేదీ ఆడించేదీ ఒకే ఊరు కావడం కొందరికి మింగుడుపడదు, అది ముందే తెలిసి వెళ్లడం మంచిది.

తరిమే వేట సెప్టెంబర్‌లో మొదలై చలికాలమంతా సాగుతుంది. పడవలు వరసగా నిలబడి, నీళ్లలోకి దించిన ఇనప గొట్టాలను సుత్తులతో కొడతాయి. ఆ మోతకు డాల్ఫిన్ల గుంపు దారి తప్పి తీరం వైపు వస్తుంది, వెనక వల మూసేస్తారు. అక్కణ్ణుంచి అంతా గుడ్డల వెనకే. వేట సాగే రోజుల్లో పోలీసులు ఆపి పాస్‌పోర్ట్ అడగవచ్చు. కెమెరా పట్టుకుని కంచెలు దాటితే గొడవే.

బస తైజిలో కన్నా కీ-కత్సురాలో నయం. వేడినీటి ఊటల హోటళ్లున్నాయి, పొద్దున్నే ట్యూనా వేలమూ చూడొచ్చు. తైజిలో ఉన్న కొద్దిపాటి వసతుల్లో దిగితే రాత్రి భోజనం గదితో పాటే బుక్ చేయండి. చీకటి పడ్డాక బయట తిండి దొరుకుతుందని నమ్ముకోవద్దు.

ఇక వాదా. టోక్యో నుంచి తతెయామాకు బస్సు, అక్కణ్ణుంచి ఉచిబో లైన్ లోకల్‌లో వాదా-ఉరా. వేట జపాన్ ఎండాకాలంలో, అంటే జూన్-ఆగస్టు ప్రాంతంలో. పట్టేది త్సుచి తిమింగలం: పదిమీటర్ల పొడవు, సుమారు పది టన్నుల బరువు, పొడుచుకొచ్చిన ముక్కు. 2019 జూన్ 30న జపాన్ అంతర్జాతీయ తిమింగల కమిషన్ నుంచి బయటికొచ్చి మర్నాడే వాణిజ్య వేట మొదలెట్టింది కదా, వాదాకు ఆ తేదీతో పని లేదు. వాణిజ్య వేట మీద కమిషన్ పెట్టిన నిషేధం ఈ జాతికి వర్తించదన్నది జపాన్ వాదన, అందుకే ఇక్కడ వేట ఎప్పుడూ ఆగలేదు.

తెచ్చిన తిమింగలాన్ని వెంటనే కోయరు. మాంసం మెత్తబడాలని కొన్ని గంటలు నీళ్లలోనే కట్టి ఉంచుతారు. తర్వాత పొడవాటి పిడి కత్తులతో గాట్లు పెట్టి, కొవ్వు పొరను విన్చ్‌తో లాగుతారు. నేల రక్తంతో జారుతుంది, వాసన బట్టలకు పట్టేస్తుంది, పాత బూట్లే వేసుకోండి. ఊరివాళ్లు పచ్చి మాంసం కొనుక్కోవడానికి గిన్నెలతో వస్తారు. దాన్ని పలచగా కోసి, ఉప్పదనం పట్టించి ఎండబెడితే అది "తారె": నల్లగా, గట్టిగా ఉంటుంది, నిప్పు మీద కాస్త కాల్చి నములుతారు. ఇక్కడి చిక్కల్లా ఒకటే, సముద్రం ఒప్పుకుంటేనే వేట. ఒక్క రోజు ప్లాన్‌తో వెళ్తే ఖాళీ గచ్చు చూసి రావాల్సిందే. రెండు రాత్రులు చేతిలో పెట్టుకోండి.

తినేవాళ్లు లేబుల్ మీద "కుజిరా" (తిమింగలం) అని చూసి ఊరుకోవద్దు, జాతి పేరు చూడాలి. మింకు, ఇవాషి, నితారి అని ఉంటే అవి నోట్లో జల్లెడ పలకలున్న తిమింగలాలు, చిన్న జీవులు తింటాయి, పాదరసం తక్కువ. త్సుచి, గొందో (పైలట్ తిమింగలం), ఇరుకా (డాల్ఫిన్) అయితే పళ్లున్నవి. చేపలను, స్క్విడ్‌లను తినడంతో వాటిలోని పాదరసమంతా వీటిలో పోగుపడుతుంది. గర్భిణులకు జపాన్ ఆరోగ్య శాఖ ఒక్కో వడ్డన 80 గ్రాములని లెక్కేసి హద్దు చెప్పింది: త్సుచి వారానికోసారి, గొందో రెండు వారాలకోసారి, బాటిల్‌నోజ్ డాల్ఫిన్ రెండు నెలలకోసారి. రుచి చూడ్డానికి మొదటిసారికి మింకు తత్సుతా-ఆగె చాలు. అల్లం, సోయాలో నానబెట్టి వేయించడంతో నీచు తెలియదు.

తిమింగలాల ఊరు ఇంకొకటుంది: మియాగిలోని అయుకావా. అక్కడ 2011 సునామీ తుడిచిపెట్టిన తిమింగలాల మ్యూజియం 2020లో మళ్లీ తెరిచారు. ఇషినోమాకి నుంచి బస్సే దిక్కు, దానికోసం ఒక రోజు పూర్తిగా పోతుంది.

డబ్బాల్లోని తిమింగల మాంసం బహుమతిగా బాగానే కనిపిస్తుంది గానీ కొనొద్దు. అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ అంతర్జాతీయ ఒప్పందం వల్ల పర్మిట్ లేకుండా దేశం దాటించడం నేరం. తారె ప్యాకెట్టుకూ అదే లెక్క. కొన్నది అక్కడే తినేయండి.