వ్యానా, ఊరి క్లినిక్కా, వీడియోలో డాక్టరా: విశాఖ పల్లెలకు ఏది మేలు?

విశాఖపట్నంలో ఏదైనా కంపెనీ సామాజిక నిధి నుంచో, పూర్వ విద్యార్థుల సంఘం నుంచో పల్లె వైద్యానికని డబ్బు పోగయితే మొదట తట్టేది వైద్య వ్యాను. బండి కంటికి కనబడుతుంది, నగరంలో ఉన్న డాక్టరును ఊళ్లోకి తీసుకెళ్తుంది. ఊరివాళ్లు మాత్రం చాలాచోట్ల ఇంకోటి అడుగుతారు: "మా సబ్ సెంటర్‌లో రోజూ ఒక మనిషి ఉండేలా చూడండి బాబూ." ఈమధ్య మూడో మాట కూడా వచ్చి చేరింది. డాక్టరు వీడియోలోనే దొరుకుతుంటే భవనమెందుకు, బండెందుకు అని.

మా మాట ముందే చెప్పేస్తాం. భీమిలి, ఆనందపురం, పద్మనాభం లాంటి మైదాన మండలాల్లో మొదటి రూపాయి ఊరి క్లినిక్‌కే, అంటే ఆ సబ్ సెంటర్‌కే వెళ్లాలి. బండి దాని తర్వాత. వీడియో ఆ క్లినిక్‌లో బల్ల మీద ఉండాల్సిన వస్తువే తప్ప దానంతటది నిలబడేది కాదు. పాడేరు కొండలెక్కితే ఈ వరస చెల్లదు. అక్కడి సంగతి వేరుగా చెప్తాం.

ఎందుకంటే జలుబు, జ్వరం వారంలో పోతాయి గానీ బీపీ, సుగరు ఒకసారి వస్తే పోవు. ఏడాదికి 365 రోజులూ మాత్ర వేసుకోవాల్సిన మనిషికి, నెలకోసారి వచ్చే పెద్ద డాక్టరు కన్నా రోజూ తలుపు తీసి ఉండే చిన్న గదే ఎక్కువ పనికొస్తుంది.

బండి లెక్క

నగరంలో ఉదయం 8 గంటలకు బయల్దేరిన బండి ఊళ్లో బల్లలు వేసి చీటీలు రాయడం మొదలుపెట్టేసరికి 10 అవుతుంది. మధ్యాహ్నం భోజనం, తిరుగు ప్రయాణం తీసేస్తే డాక్టరు చేతికి చిక్కేది 4 గంటలు, అంటే 240 నిమిషాలు. 80 మంది వచ్చారనుకుంటే మనిషికి 3 నిమిషాలు.

బీపీ సరిగ్గా చూడటానికే అది చాలదు. మనిషి కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఆని ఉండాలి. అంతకుముందు అరగంటలో టీ గానీ చుట్ట గానీ తాగి ఉండకూడదు. ఒకసారి చూశాక నిమిషం ఆగి మళ్లీ చూడాలి. వరసలో జనం ఉన్నప్పుడు జరిగేది వేరు. ఎండలో నిలబడి వచ్చిన పెద్దావిడను స్టూలు మీద కూర్చోబెడతారు. చెయ్యి గాల్లో వేలాడుతుంటుంది. జాకెట్టు చేతి మీదనే పట్టీ చుట్టి, ఒక్కసారి గాలి కొట్టి అంకె రాసేస్తారు. చెయ్యి కిందికి వేలాడినా, లావు చేతికి చిన్న పట్టీ చుట్టినా అంకె ఉన్నదానికన్నా ఎక్కువే చూపిస్తుంది. అలా 140/90 దాటినట్టు రాసిన కాగితంతో లేని బీపీకి మందు మొదలవుతుంది. అందుకే బండి పెట్టి తీరాలనుకుంటే, వేసవి నీడకు షామియానా, వీపున్న కుర్చీలు నాలుగు, పెద్ద సైజు పట్టీ ఒకటి కొన్నాకే పెట్టాలి.

రెండో లోపం తేదీలో ఉంది. నెలకోసారి బండి వస్తుందని 30 మాత్రలిస్తారు. మధ్యలో పండగొచ్చిందనో, టైరు పోయిందనో, తుపాను హెచ్చరిక ఉందనో బండి 35వ రోజున వస్తుంది. ఆ 5 రోజులూ మందు లేదు. బండి వచ్చిన రోజు మనిషి ఉపాధి పనికో, చేపల వేటకో వెళ్లి ఉంటే ఇంకో నెల. చేయాల్సింది చిన్న పనే: 40 మాత్రలివ్వడం. ఇవ్వకపోతే రోగి మందు మానేశాడని మనం రాసుకుంటాం గానీ, నిజానికి మందే అతన్ని మానేసింది.

మూడోది వేడి. మధ్యాహ్నం ఇంజను ఆపిన బండి లోపల ఎండకు కాగిపోతుంది. సుగరు చూసే స్ట్రిప్పుల డబ్బా మూత రోజంతా తెరిచి ఉంటే మన సముద్రపు తేమకు స్ట్రిప్పులు పాడవుతాయి, అంకె తప్పు వస్తుంది. స్ట్రిప్పు తీసిన వెంటనే మూత బిగించాలి, డబ్బా తెరిచిన తేదీ దాని మీద రాయాలి.

మరి బండి ఎందుకూ పనికిరాదా? ఊళ్లో ఉంచలేని పరికరాన్ని మోసుకొస్తే చాలా పనికొస్తుంది. ఎక్స్‌రే, కళ్ల పరీక్ష, పళ్ల కుర్చీ ఇలాంటివి. మన తీరం ఊళ్లలో అడ్డపొగ అలవాటు ఉంది కదా, చుట్ట వెలిగిన కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం, ముఖ్యంగా పెద్ద వయసు ఆడవాళ్లలో. దాని దెబ్బ అంగిలి మీద పడుతుంది. మొదట తెల్లబడి మందంగా అవుతుంది, తర్వాత పుండుగా, కొందరిలో క్యాన్సరుగా మారుతుంది. టార్చి వేసి అంగిలి చూడటం ఊళ్లోని సిస్టరుకే నేర్పవచ్చు. అనుమానమున్న మచ్చ నుంచి ముక్క తీసి పరీక్షకు పంపే దంత వైద్యుణ్ని రెండు నెలలకోసారి తీసుకురావడం బండి పని. ఇలా వాడితే బండికి పెట్టిన ప్రతి రూపాయికీ విలువ ఉంటుంది.

2023లో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఫ్యామిలీ డాక్టర్ పద్ధతిలోనూ ఉన్నది ఇదే ఆలోచన. పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం)లోని ఇద్దరు డాక్టర్లలో ఒకరు 104 బండితో, అంటే ప్రభుత్వ వైద్య వ్యానుతో, ఊరి క్లినిక్‌కే రావాలన్నది దాని పద్ధతి. బండి క్లినిక్ దగ్గరికి వస్తే ఆ రోజు చూసిన రోగి వివరం సిస్టరు పుస్తకంలో ఉంటుంది. రచ్చబండ దగ్గర ఆగి వెళ్లిపోతే బండితోపాటే వెళ్లిపోతుంది.

ఊరి క్లినిక్

మైదానంలో 5,000 మందికి, కొండ ప్రాంతంలో 3,000 మందికి ఒక సబ్ సెంటర్ ఉండాలన్నది జాతీయ ప్రమాణం. అక్కడ ఉండే సీహెచ్‌వో (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్, మనం సిస్టరంటున్నది ఈమెనే) నర్సింగు డిగ్రీ పైన 6 నెలల ప్రత్యేక శిక్షణ పొందినవారు. ఏఎన్‌ఎం, ఆశ కార్యకర్తలు తోడుంటారు. మనిషి సరే, అసలు చిక్కు అల్మారాలో ఉంది.

2,500 మంది ఊళ్లో బీపీ ఉన్నవాళ్లు 300 మంది అనుకుందాం. రోజుకో ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల మాత్ర చొప్పున నెలకు 9,000 మాత్రలు. ఒక నెల నిల్వ కలుపుకుంటే 18,000. మామూలుగా ఇండెంటు, అంటే మందులు కావాలని పైకి పంపే జాబితా, ఎలా పెడతారంటే, పోయిన నెల ఎంత ఖర్చయిందో చూసి అంతే అడుగుతారు. పోయిన నెల 6,000 మాత్రలే వచ్చి 20వ తేదీకే అయిపోయి ఉంటే, పుస్తకంలో ఖర్చు 6,000 అనే కనబడుతుంది. ఈ నెలా 6,000 అడుగుతారు. కొరత అలా శాశ్వతమైపోతుంది, పైన కూర్చున్నవాళ్లకు లెక్క సరిగ్గానే కనబడుతుంది. ఇండెంటు ఖర్చును బట్టి కాదు, రిజిస్టరులో ఉన్న రోగుల సంఖ్యను బట్టి పెట్టాలి. దాతలు కూడా ఇక్కడే నిలబడవచ్చు. సరఫరా ఆగిన 10 రోజులకు స్థానికంగా మందు కొనేందుకు ఒక చిన్న నిధి ఇస్తే, దాని ఫలితం ఖరీదైన బండి ఇచ్చే ఫలితానికి ఏమాత్రం తీసిపోదు.

రెండో చిక్కు బస్సు. సిస్టరుకు ఊళ్లో ఉండటానికి ఇల్లు దొరక్కపోతే రోజూ మధురవాడ నుంచో పెందుర్తి నుంచో రావాలి. చివరి బస్సు 4 గంటలకైతే క్లినిక్ మూడున్నరకే మూతపడుతుంది. కూలికి వెళ్లినవాళ్లు ఊరు చేరేది ఐదింటికి. అంటే క్లినిక్ ఉంది, వాళ్లకు మాత్రం లేదు. రెండు గదులు, నీళ్లు, మరుగుదొడ్డి, గట్టి తలుపు ఉన్న ఇల్లు ఒకటి అద్దెకిప్పిస్తే సాయంత్రం 5 నుంచి 7 దాకా వారానికి మూడు రోజులు తెరవవచ్చు. ఆ ఆరు గంటల్లో వచ్చేవాళ్లలో ఎక్కువమంది పగలు ఎన్నడూ రానివాళ్లే.

ఇన్సులిన్ సంగతీ ఇక్కడే చెప్పాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో సీసాను మట్టికుండలో పెట్టి దాచవచ్చు. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దింపి, దాన్లో సీసాను ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టి, తడిగుడ్డ కప్పాలి. ఇసుక ఆరకుండా పొద్దునా సాయంత్రం నీళ్లు చల్లాలి. వాడకం మొదలుపెట్టిన సీసా 4 వారాల్లో అయిపోవాలి. ఇది చూపించి, పది రోజులకు ఇంటికెళ్లి కుండ తడిగా ఉందో లేదో చూసే మనిషి కావాలి. బండికీ ఫోనుకూ అది సాధ్యం కాదు.

వీడియో

వీడియోలో డాక్టరును చూపించే ప్రభుత్వ సేవ ఈసంజీవని 2019 నుంచి ఉంది. సిస్టరు పక్కన కూర్చుని బీపీ, సుగరు, ఊపిరి అంకెలు చెబుతుంటే అవతల డాక్టరు బాగానే తేలుస్తారు. రోగి ఒక్కడే ఫోను పట్టుకుని మాట్లాడితే సగం సంగతి చేరదు. ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది, డాక్టరు రాసిన మందు క్లినిక్ అల్మారాలో ఉండకపోవడం. ఉన్న మందుల జాబితాను వారానికోసారి అవతలి డాక్టరు బల్ల మీదికి చేర్చితే ఇది చాలావరకు తగ్గుతుంది. చర్మం మచ్చలకు, పుండ్లకు పగటి వెలుతురులో, పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీయాలి, సైజు తెలుస్తుంది. కడుపునొప్పికి, ఆయాసానికి, గర్భిణికి తలనొప్పితో వాపు వస్తే వీడియో కోసం ఆగకూడదు. 108కి ఫోను చేయాలి.

కొండ మీద

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రమైంది గానీ, కష్టమైన కేసు ఇప్పటికీ ఘాట్ రోడ్డు దిగి సుమారు 110 కిలోమీటర్లు ప్రయాణించి విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కే వస్తుంది. ఆ ఘాట్ దాకా రావడానికే కొన్ని ఊళ్లలో డోలీ కట్టాలి. రోడ్డు లేని ఊరికి బండి రాదు, సిగ్నల్ లేని ఊరికి వీడియో రాదు. అక్కడ పోల్చాల్సినవి వేరు: నొప్పులొచ్చాక మోయడమా, రాకముందే దింపడమా?

మా లెక్కలో రెండోదే మేలు. కాన్పుకు ముందే ఆసుపత్రి పక్కన వసతిగృహంలో ఉంచడం. ఇది తప్పేది తేదీ దగ్గర. చివరి నెలసరి మొదటి రోజుకు 9 నెలల 7 రోజులు కలపాలి. ఆ తేదీ అడిగితే చాలామంది చెప్పలేరు. "ఇటుకల పండగకి ముందా, తర్వాతా? ఆ వారం సంతకెళ్లావా?" అని అడిగితే వారం అటూఇటుగా తేలుతుంది. ఇంకా మొదటి నెలల్లోనే స్కానింగు చేయిస్తే తేదీ గట్టిపడుతుంది. లెక్కించిన తేదీకి 2 వారాల ముందే దింపాలి. తొలి కాన్పు, ముందు ఆపరేషన్ అయినవాళ్లు, హిమోగ్లోబిన్ 7 కన్నా తక్కువ ఉన్నవాళ్లు ఇంకా ముందే. వసతిగృహం ఖాళీగా ఉందంటే తప్పు ఆడవాళ్లది కాదు. ఇంట్లో ఇంకో పసిబిడ్డ ఉంటాడు, పొలంలో పంట ఉంటుంది. బిడ్డతోపాటు అత్తనో అమ్మనో ఉండనిచ్చి, ముగ్గురికీ భోజనం పెట్టి, ఆశ కార్యకర్త స్వయంగా తోడొచ్చి దించితేనే వస్తారు.

కొండల్లో బండికి ఒకే మంచి చోటు ఉంది, వారపు సంత. పది ఊళ్లవాళ్లు నడిచి అక్కడికే వస్తారు. పొద్దున 9 నుంచి మధ్యాహ్నం 2 దాకా సంతలోనే పెట్టాలి, చీకటి పడక ముందు వాళ్లు ఇల్లు చేరాలి కాబట్టి.

మలేరియాకు మాత్రం ఊళ్లోనే మనిషి కావాలి. ఆశ దగ్గరున్న కిట్టుతో వేలి చుక్క తీస్తే 15-20 నిమిషాల్లో తెలుస్తుంది. వైవాక్స్ రకానికి 3 రోజుల క్లోరోక్విన్‌తో జ్వరం పోతుంది. దాంతోపాటు మొదలుపెట్టిన ప్రైమాక్విన్ 14 రోజులూ పూర్తిచేయకపోతే కాలేయంలో దాగిన క్రిమి మళ్లీ లేస్తుంది. జ్వరం తగ్గాక నాలుగో రోజున మాత్ర మింగించడానికి గుమ్మంలో నిలబడేది ఆశే. గర్భిణులకు, పసిపిల్లలకు ప్రైమాక్విన్ ఇవ్వరు, అదీ ఆమెకే గుర్తుండాలి.

డబ్బు చేతిలో ఉండి ఇంకా తేల్చుకోలేకపోతుంటే ఏదైనా నెల 25వ తేదీన, చెప్పకుండా, ఒక సబ్ సెంటర్‌కు వెళ్లి సిస్టరును మూడే అడగండి. ఈ నెల ఏ మందు ఎన్ని రోజులు లేదు? మీరు రాత్రి ఎక్కడుంటారు? రిజిస్టరులో పేరుండి మూడు నెలలుగా రానివాళ్లు ఎంతమంది? మొదటిదానికి జవాబు 5 రోజులు దాటితే మందుల నిధి, రెండోదానికి పక్క పట్నం పేరు చెబితే ఇల్లు, మూడోది 30 దాటితే ఇంటింటికీ తిరిగే ఇంకో ఆశ కార్యకర్త ఖర్చు. మూడింటికీ మంచి జవాబు వచ్చిన ఊళ్లు ఐదారు దగ్గరదగ్గరగా దొరికితే, అప్పుడు బండి కొటేషన్లు తెప్పించండి.