తిరుపతిలో గేమింగ్ పీసీ చేయించుకుంటున్నారా? ఎస్ఎంపీఎస్ స్టిక్కరు చదవకుండా డబ్బు కట్టకండి

తిరుపతి, చిత్తూరు వైపు గేమింగ్ పీసీ అసెంబుల్ చేయించుకోవాలని చూస్తున్నవాళ్ళు డబ్బు కట్టే ముందు ఇది ఒక్కసారి చదవండి. మేము 92 వేలు కట్టి, మూడు నెలలు టెన్షన్ పడి తెలుసుకున్న సంగతులివి. మీకు ఆ ఖర్చు లేకుండానే తెలియాలని రాస్తున్నాను.

మా తమ్ముడు బీటెక్ రెండో సంవత్సరం. ఆటలు ఆడతాడు, బ్లెండర్‌లో త్రీడీ పని కూడా నేర్చుకుంటున్నాడు. నేను ఉద్యోగంలో చేరినప్పుడే వాడికి మంచి కంప్యూటర్ కొనిస్తానని మాటిచ్చాను. ఈ ఫిబ్రవరిలో కుదిరింది. చెన్నై రిచీ స్ట్రీట్‌కి వెళ్ళి ఒక్కో పార్టూ తెచ్చుకుందామని వాడన్నాడు. రేపు ఏదైనా చెడిపోతే మళ్ళీ అంత దూరం ఎవరు మోస్తారు, ఊళ్ళో అయితే వెళ్ళి అడగడానికి మనిషంటూ ఉంటాడు కదా అని నేనే ఆపాను. నాలుగు కొట్లు తిరిగి, బాగా మాట్లాడినాయన దగ్గర ఖాయం చేశాం.

వాట్సాప్‌లో కొటేషన్ పంపారు. ఐ7-12700ఎఫ్ ప్రాసెసర్, ఆర్టీఎక్స్ 3060 12 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్, 1 టీబీ ఎస్ఎస్‌డీ, ప్రాసెసర్‌ని నీళ్ళతో చల్లబరిచే 240 ఎంఎం లిక్విడ్ కూలర్, 650 వాట్ల బ్రాంజ్ ఎస్ఎంపీఎస్ (లోపలి పార్టులన్నిటికీ కరెంటు అందించే పెట్టె), ముందువైపు జాలీ ఉన్న క్యాబినెట్. అంతా బాగుంది. సగం డబ్బు అడ్వాన్సుగా కట్టాం.

తీసుకోవడానికి వెళ్ళిన రోజు చూస్తే క్యాబినెట్‌కి ముందు జాలీ లేదు, నిండా అద్దం. లోపల మూడు రంగుల ఫ్యాన్లు తిరుగుతున్నాయి. "జాలీది స్టాక్ లేదమ్మా, ఇది దానికన్నా కాస్ట్లీ, మీకు అదే రేటుకి వేశాను" అన్నాడు. లిక్విడ్ కూలర్ బదులు లైట్లున్న మామూలు టవర్ కూలర్, అంటే ఫ్యాను గాలితో చల్లబరిచేది పెట్టారు. "ఈ ఎండలకి నీళ్ళది లీకైతే బోర్డే పోతుంది మేడమ్, ఇది సేఫ్" అన్నాడు. అద్దంలోంచి చూడ్డానికి నిజంగానే అందంగా ఉంది. కొట్టు ముందు ఆటో నిలబడి ఉంది, అమ్మ ఫోన్ మీద ఫోన్ చేస్తోంది. సరేనన్నాం.

ఆ రోజు మేము పట్టుకున్నది ఒక్కటే. బల్ల మీద పెట్టిన గ్రాఫిక్స్ కార్డు డబ్బా మీద 8 జీబీ అని ఉండటం తమ్ముడు చూశాడు. ఆర్టీఎక్స్ 3060 అన్న పేరుతోనే రెండు రకాలున్నాయి. 12 జీబీ కార్డుకి మెమరీ బస్, అంటే మెమరీకీ చిప్‌కీ మధ్య డేటా నడిచే దారి, 192 బిట్లు, 8 జీబీ దానికి 128 బిట్లే. పేరు ఒకటే గానీ ఆటలో తేడా బాగా తెలుస్తుంది. వాడు గట్టిగా అడిగితే పది నిమిషాల్లో లోపలి గదిలోంచి 12 జీబీది వచ్చింది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. ఒక డబ్బా మారినచోట మిగతావి ఎందుకు మారకూడదు? మిగతా డబ్బాలు చూపించమని అడగలేదు. బిల్లు మీద "గేమింగ్ కంప్యూటర్, 1 సెట్" అని ఒక్క లైను రాసి, కింద మొత్తం వేసి ఇచ్చారు. దాన్ని మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

ఫిబ్రవరి, మార్చి పెద్ద ఇబ్బంది లేదు. అప్పుడప్పుడు ఆట పట్టేసినట్టు ఆగి కదిలేది. ఏప్రిల్ రెండో వారం నుంచి మొదలైంది. ఇరవై నిమిషాలు ఆడితే ఆట ముక్కలు ముక్కలుగా వచ్చేది. నాలుగైదు రోజులకోసారి కంప్యూటర్ ఏ హెచ్చరికా లేకుండా టక్కుమని ఆగిపోయేది. కొట్టుకి ఫోన్ చేస్తే "మీ ఏరియాలో వోల్టేజ్ సరిగ్గా లేదు, యూపీఎస్ మార్చండి" అన్నారు. ఆయన దగ్గరే 4,500 పెట్టి కొత్తది కొన్నాం. అది 600 వీఏ. 600 వీఏ అంటే 600 వాట్లనుకున్నాను. ఆ సైజువి చాలావరకు ఇచ్చేది 360 వాట్లేనట, కింద చిన్న అక్షరాల్లో ఉంది. కంప్యూటర్ ఆగిపోవడం ఆగలేదు. రెండోసారి వెళ్తే "ఎండాకాలం కదమ్మా, ఏసీ రూములో పెట్టుకోండి" అన్నారు. మాది మేడ మీద ఇల్లు. మేలో రాత్రి పదింటికి కూడా స్లాబు మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. మా ఇంట్లో ఏసీ లేదని ఆయనకి ముందే తెలుసు, కొనే రోజే చెప్పాను.

ఇక్కడ ఒక విషయం అందరూ గుర్తు పెట్టుకోవాలి. గాలి కూలర్ అయినా, లిక్విడ్ కూలర్ అయినా ఫ్రిజ్ కాదు. చిప్‌లోని వేడిని తీసి గదిలోకి వదలడమే దాని పని. గది ఎంత వేడిగా ఉంటే, చిప్ వేడి దాని మీద లెక్క. గది పది డిగ్రీలు పెరిగితే చిప్ కూడా దాదాపు పది పెరుగుతుంది. వీడియోల్లో చూపించే టెంపరేచర్లు ఎక్కువగా ఏసీ గదిలో 22, 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మా గదిలో మే మధ్యాహ్నం 38 ఉంది. కొట్టులో ఏసీ కింద 80 చూపించిన ప్రాసెసర్ మన ఇంట్లో 90 దాటుతుంది. చలికాలంలో కొనేవాళ్ళు ఈ లెక్క అప్పుడే వేసుకోవాలి.

తమ్ముడు హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి చూశాడు. ఆట మొదలైన నిమిషానికే ప్రాసెసర్ 100 డిగ్రీలు. ఈ ప్రాసెసర్‌కి అదే హద్దు. అక్కడికి చేరగానే కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది, ఆట ముక్కలుగా వచ్చింది అందుకే. గ్రాఫిక్స్ కార్డు 84. మా వీధిలో ల్యాప్‌టాప్‌లు రిపేరు చేసే అన్న వచ్చి చూసి, మొదట క్యాబినెట్ పక్క మూత తీసేసి ఆడమన్నాడు. గ్రాఫిక్స్ కార్డు 84 నుంచి 73కి దిగింది. ప్రాసెసర్ మాత్రం 100 దగ్గరే ఉంది. "పక్క మూత తీస్తే దిగింది కాబట్టి కార్డుకి గాలి అందట్లేదు. మూత తీసినా దిగలేదు కాబట్టి ప్రాసెసర్‌కి కూలరే సరిగ్గా ఆనలేదు. ఇవి రెండు వేరే రోగాలమ్మా" అన్నాడు. మీ ఇంట్లో కూడా ముందు ఈ పరీక్ష చేసి చూడండి, పైసా ఖర్చు లేదు.

గాలి సంగతి ఎలా తేల్చాడంటే, పూజగదిలోంచి ఒక ఊదుబత్తి తెప్పించాడు. మూతలన్నీ బిగించి, క్యాబినెట్ ముందు ఒక జానెడు దూరంలో పట్టుకున్నాడు. మూడు ఫ్యాన్లు అంత జోరుగా తిరుగుతున్నా పొగ నిటారుగా పైకి పోయింది, లోపలికి ఒక్క పాయ కూడా వెళ్ళలేదు. అద్దానికీ ఫ్రేముకీ మధ్య గోరు పట్టేంత సందు తప్ప గాలికి దారే లేదు. పైన బిగించిన రెండు ఫ్యాన్ల దగ్గర పట్టుకుంటే పొగ లోపలికి పోతోంది. వేడి గాలిని బయటికి నెట్టాల్సిన ఫ్యాన్లు తిరగేసి బిగించారు. ముందునుంచి చల్లగాలి లోపలికి రావాలి, వెనకనుంచి పైనుంచి వేడిగాలి పోవాలి. ఇది చాలా మామూలు విషయం, కొత్త ఫ్యాన్లు కొనే పని కూడా లేదు, తిప్పి బిగిస్తే చాలు.

తర్వాత కూలర్ విప్పాడు. నాకు నిజంగా కోపం వచ్చింది అప్పుడే. కూలర్ అడుగున రాగి పలక మీద కంపెనీవాళ్ళు అంటించే పల్చటి ప్లాస్టిక్ కాగితం అలాగే ఉంది. బిగించే ముందు తీసేయమని దాని మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంది. దాని మీదే థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని కూలర్‌కి చేర్చే ముద్ద) పూసి బిగించేశారు. అంటే ప్రాసెసర్‌కీ రాగికీ మధ్య మూడు నెలలు ఒక ప్లాస్టిక్ పొర. తమ్ముడు ఆ కాగితాన్ని గోటితో ఒలిచి నా చేతిలో పెట్టాడు. వాడి వల్లే ఏదో పాడైందని ఇంట్లో అందరం ఎన్నిసార్లు అన్నామో గుర్తొచ్చింది.

అయినా కంప్యూటర్ టక్కుమని ఆగిపోవడానికి కారణం అది కాదు. అది ఎస్ఎంపీఎస్. బయటికి తీస్తే పెద్ద అక్షరాల్లో 600 వాట్లని ఉంది. కొటేషన్‌లో ఉన్న 650 బ్రాంజ్ కాదు, పేరే వినని కంపెనీ. అన్న ఆ పెద్ద అక్షరాలు చూడనే లేదు, పక్కనున్న గళ్ళ స్టిక్కరు చూపించాడు. 12 వోల్టుల లైనుకి ఎదురుగా 25 ఆంపియర్లని ఉంది. 12ని 25తో గుణిస్తే 300 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు దాదాపు మొత్తం కరెంటు లాగేది ఈ లైను నుంచే. ఆర్టీఎక్స్ 3060 ఒక్కటే 170 వాట్లు. 12700ఎఫ్‌ని 65 వాట్ల ప్రాసెసర్ అని చెబుతారు గానీ, టర్బోలో, అంటే పని ఎక్కువైనప్పుడు వేగం పెంచుకున్నప్పుడు, 180 వాట్ల దాకా లాగుతుందని ఇంటెల్ సైట్‌లోనే ఉంది. రెండూ కలిపితే 350. ఆటలో రెండూ ఒకేసారి నిండుగా లాగకపోయినా, క్షణంపాటు ఎగిసే లోడు ఉంటుంది, పైగా లోపల వేడి. మా వోల్టేజ్ మీద నేరం మోపిన పెట్టె ఇది.

కాబట్టి ఎస్ఎంపీఎస్ కొనేటప్పుడు పెద్ద నంబరు వదిలేసి 12 వోల్టుల గడి చదవండి. మంచి 650 వాట్ల దాంట్లో ఆ ఒక్క లైనే 50 ఆంపియర్ల పైన ఇస్తుంది. బ్రాంజ్, గోల్డ్ అనే ముద్రలు కరెంటు ఎంత వృథా కాకుండా వాడుకుంటుందో చెప్పేవి మాత్రమే, కాబట్టి ముద్రతో పాటు వారంటీ ఎన్నేళ్ళో కూడా అడగండి. మొత్తం బడ్జెట్లో ఎక్కడ తగ్గించుకున్నా ఇక్కడ తగ్గించకండి. ఇది చెడిపోతే పక్కనున్నవాటిని కూడా తీసుకుపోగలదు.

కూలర్ విషయంలో నా అభిప్రాయం ఇది. మన ఊళ్ళలో, ఏసీ లేని గదిలో, ఐ5 లేదా 12700ఎఫ్ లాంటి ప్రాసెసర్‌కి రెండు ఫ్యాన్ల మంచి టవర్ కూలర్ చాలు. కొట్టాయన లిక్విడ్ వద్దనడం తప్పు కాదు, ఆ డబ్బు తీసుకుని సన్నటి కూలర్ పెట్టడం తప్పు. లిక్విడ్ కావాలంటే పంపు భాగం రేడియేటర్ (నీటి వేడిని గాలికి వదిలే భాగం) కన్నా పైకి ఉండకుండా బిగించారో లేదో చూడండి, లేకపోతే గాలి బుడగలు పంపులో చేరతాయి. ఇంకో మాట, ఇంటెల్‌లో పేరు చివర కె అక్షరం లేని ప్రాసెసర్ డబ్బాలో మామూలుగా ఒక కూలర్ వస్తుంది. ఏఎండీ కంపెనీ ప్రాసెసర్లలో రైజెన్ 5 7600లో వస్తుంది, 7600ఎక్స్‌లో రాదు. మీ డబ్బాలో రావాల్సింది ఉంటే అడిగి తీసుకోండి, రేపు అవసరానికి పనికొస్తుంది.

తమ్ముడి స్నేహితుడు ఇంటెల్ ఐ7-14700కె ప్రాసెసర్ కొనబోతుంటే వీడు ఆపాడు. అది 253 వాట్ల దాకా వెళ్తుంది, మన మే నెలలో చిన్న గదిలో దాన్ని చల్లగా ఉంచడం చాలా కష్టం. పైగా 13, 14 తరాల కొన్ని డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో వోల్టేజ్ లోపం ఉందని 2024లో ఇంటెల్ ఒప్పుకుని, బయోస్ (మదర్‌బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ద్వారా సర్దుబాటు ఇచ్చి, వారంటీ రెండేళ్ళు పెంచింది. అవే కొంటే బయోస్ అప్‌డేట్ చేశాకే ఇంటికి తెచ్చుకోండి. సెకండ్ హ్యాండ్ అయితే ఇంకా జాగ్రత్త.

ర్యామ్‌లో కూడా మాకు 8 జీబీవి రెండు కాకుండా 16 జీబీది ఒక్కటే పెట్టారు. రెండుంటే వేగం ఎక్కువ. తర్వాత చూసుకుందామని వదిలేశాం.

ఇప్పుడు కొత్త ఎస్ఎంపీఎస్, మంచి టవర్ కూలర్ వేశాం. క్యాబినెట్ ముందు అద్దం తీసేసి సన్న జాలీ బిగించాం. ఖర్చు 11 వేలు దాటింది. గదిలో 37 ఉన్నప్పుడు గంట ఆడితే ప్రాసెసర్ 76, కార్డు 74. మూడు వారాలుగా ఒక్కసారి కూడా ఆగలేదు.

డబ్బు వెనక్కి అడగడానికి కొటేషన్ పట్టుకుని కొట్టుకి వెళ్ళాను. "వాట్సాప్‌లో పంపింది అంచనా మాత్రమే మేడమ్. బిల్లులో ఏముందో చూసుకోండి" అన్నాడు. బిల్లులో ఏమీ లేదు. నా గొంతు పట్టేసింది ఆ మాటకే. అందుకే చెబుతున్నాను, జీఎస్టీ బిల్లులో ఒక్కో పార్టు కంపెనీ పేరు, పూర్తి మోడల్, సీరియల్ నంబరు విడివిడిగా రాయించుకోండి. రాయనంటే ఆ కొట్టు వద్దు. డబ్బాలన్నీ ఖాళీవైనా ఇంటికి తెచ్చుకోండి, డబ్బా మీది సీరియల్, పార్టు మీది సీరియల్ ఒకటేనా చూడండి. మిగతా సగం డబ్బు కట్టే ముందు పది నిమిషాలు సినీబెంచ్ (ప్రాసెసర్‌ని నిండుగా పని చేయించి పరీక్షించే ప్రోగ్రామ్) నడిపించి టెంపరేచర్ చూపించమనండి. అక్కడ ఏసీ 24లో ఉంటే మీ గదికి ఇంకో పన్నెండు, పదమూడు కలుపుకోండి.

నేను 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. ఫిర్యాదు తీసుకుని నంబరు ఇచ్చారు, కొట్టువాళ్ళ జవాబు కోసం చూస్తున్నాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. 5 లక్షల లోపు కొన్నవాటికి అక్కడ ఫీజు లేదు, సమస్య వచ్చిన రెండేళ్ళలోపు వేయాలి. అది నడుస్తోంది కాబట్టే కొట్టు పేరు ఇక్కడ రాయడం లేదు, దయచేసి అడగకండి. వాట్సాప్ మాటలన్నీ దాచాను. పాత ఎస్ఎంపీఎస్, ఆ ప్లాస్టిక్ కాగితం ఒక కవర్లో వేసి బీరువాలో పెట్టాను.

మీ కొటేషన్ మీద అనుమానం ఉంటే పేర్లు, నంబర్లు తీసేసి కింద పెట్టండి. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చాక మా తమ్ముడు చూసి చెబుతానన్నాడు.