గ్నూ డేట్ కమాండ్: లెక్క తప్పదు, మన తప్పు చెప్పదు

లాగ్ ఫైల్లో 1700000000 లాంటి టైమ్‌స్టాంప్ (1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్ల లెక్క) కనబడితే అదెప్పటిదో తేల్చడానికి బ్రౌజర్ తెరవక్కర్లేదు. లినక్స్‌లో ఉండే గ్నూ డేట్‌కు మైనస్ యు, మైనస్ డి ఇచ్చి, అంకె ముందు @ తగిలిస్తే చాలు: 2023 నవంబర్ 14, 22:13:20, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం). మ్యాక్‌లోని డేట్ పేరుకే డేట్, జాతి వేరు. అక్కడ మైనస్ ఆర్ వాడాలి, @ అక్కర్లేదు.

ముందు అంకెలు లెక్కపెట్టండి. ఈ కాలపు టైమ్‌స్టాంప్‌లో పది ఉంటే సెకన్లు, పదమూడైతే మిల్లీ, పదహారైతే మైక్రో, పందొమ్మిదైతే నానో. ఈ తేడా డేట్‌కు పట్టదు, ఏదిచ్చినా సెకన్లే అనుకుంటుంది. జావాస్క్రిప్ట్ ఇచ్చిన 1700000000000ను అలాగే పెడితే 55840వ సంవత్సరం చూపించి ఊరుకుంటుంది. చివరి మూడంకెల ముందు చుక్క పెట్టండి, దశాంశాలు తీసుకుంటుంది. విండోస్ ఫైల్‌టైమ్ అయితే 1601 నుంచి వంద నానోసెకన్ల లెక్క: కోటితో భాగించి, 11644473600 తీసేసి ఇవ్వాలి.

అసలు తలనొప్పి టైమ్‌జోన్. టైమ్‌జోన్ చెప్పే టీజెడ్ వేరియబుల్‌లో ఏషియా/టోక్యో పెట్టి, మైనస్ యు తీసేస్తే (అదుంటే టీజెడ్‌ను లెక్కచేయదు) పై సమయమే 15వ తేదీ ఉదయం 07:13:20గా వస్తుంది. టోక్యో స్పెల్లింగ్‌లో వై బదులు ఐ పడిందా, ఎర్రర్ రాదు. యూటీసీ సమయమే చూపించి పక్కన 'ఏషియా' అని ముద్ర వేస్తుంది! చూసినవాళ్లు టోక్యో టైమే అనుకుంటారు. ఇంత పాత పనిముట్టులో ఇది క్షమించరానిది. ఫార్మాట్‌లో శాతం గుర్తు, చిన్న జెడ్ చేర్చి +0900 వచ్చిందో లేదో చూసుకోండి. ఇంకో తిరకాసు: టీజెడ్‌లో యూటీసీ-9 అంటే తొమ్మిది గంటలు ముందు, వెనక కాదు. పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణం) గుర్తులు తలకిందులు.

వేసవి సమయం మార్పుల్లో సగం మార్కులే. న్యూయార్క్‌లో 2024 మార్చి 10న గడియారం 2 నుంచి 3కి దూకింది. 02:30 అడిగితే చెల్లని తేదీ అని ఆపేస్తుంది, భేష్. అదే నవంబర్ 3న 01:30 రెండుసార్లు వచ్చింది. అప్పుడు మాత్రం ఒకదాన్ని తనే ఎంచుకుని మాట్లాడదు. మొదటిదైతే -0400, రెండోదైతే -0500 అని మీరే రాసివ్వాలి.

వేల వరుసలుంటే ఒక్కోదానికి కమాండ్ పిలవకండి, బాగా నెమ్మదిస్తుంది. మైనస్ ఎఫ్‌తో ఫైలే ఇచ్చేయండి. ప్రతి వరుస ముందూ @ ఉండాలి.