పద్నాలుగు నెలలు వాడాక: నరం వెతికే అల్ట్రాసౌండ్

విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీలో డాక్టర్ని. సెలైన్ ఎక్కించడానికి సిర దొరకని పేషెంట్ల కోసం మా వాళ్లు ఏఐ ఉన్న చిన్న అల్ట్రాసౌండ్ కొన్నారు. గడ్డం ట్రిమ్మరంత ప్రోబ్, దానికో ట్యాబ్. చేతి మీద జెల్ రాసి పెడితే సిరకు ఆకుపచ్చ, ధమనికి ఎరుపు రంగు వేస్తుంది. సిర ఎంత లోతులో ఉంది, ఎంత వెడల్పుంది అనేది మిల్లీమీటర్లలో చెబుతుంది. అంతవరకే. సూది గుచ్చాల్సింది మనమే.

దీని విలువ మే నెలలో తెలుస్తుంది. ఈ ఊరిని ఊరికే బ్లేజ్‌వాడ అనరు కదా. వాంతులు, విరేచనాలతో వచ్చినవాళ్ల సిరలు ఎండకు దారాల్లా అణిగిపోయి ఉంటాయి. రెండుసార్లు గుచ్చాక "ఇంకెన్నిసార్లు పొడుస్తావు బాబూ" అని పెద్దావిడ అడిగితే టెన్షన్ మనకే. అప్పుడు మోచేతి పైన లోపలివైపు ఉండే బాసిలిక్ సిరే దిక్కు. అది వేలికి తగలదు, కంటికి ఆనదు. తెర మీద మాత్రం నల్లటి గుండ్రంలా కనిపిస్తుంది. అంతకుముందు కొన్న ఇన్‌ఫ్రారెడ్ లైటు చర్మం కిందే ఉన్న సిరల్ని చూపించేది. వాటిని మా సిస్టర్లు వేళ్లతోనే పట్టేస్తారు, అందుకే ఆ లైటు ఇప్పుడు స్టోర్ రూమ్‌లో ఉంది.

మనవాళ్లందరూ సిరను నరమనే అంటారు, నేనూ అంతే. కానీ మోచేతి పైన అసలైన నరం, అంటే నెర్వ్ కూడా ధమనిని ఆనుకునే ఉంటుంది. మా యంత్రం దానికి ఏ రంగూ వెయ్యదు. రంగుల్నే నమ్ముకుంటే ప్రమాదం. బీపీ బాగా పడిపోయిన పేషెంట్ దగ్గర ఒకసారి ఎరుపు, ఆకుపచ్చ మారిమారి వెలిగాయి. మామూలుగా ప్రోబ్‌తో నొక్కితే సిర మూసుకుపోతుంది, ధమని కొట్టుకుంటూ నిలబడుతుంది. అలా బీపీ పడిపోయి షాక్‌లో ఉన్నవాళ్ల ధమని కూడా తేలిగ్గానే అణిగిపోతుంది. ఆ రోజు రంగులు ఆపేసి, బూడిద రంగు బొమ్మనే చూసుకుంటూ పని కానిచ్చాను.

మొదటి నెలలో ఒక తప్పు చేశాను. యంత్రం 14 మిల్లీమీటర్ల లోతులో మంచి సిర చూపించింది. అలవాటుగా పింక్ క్యాన్యులా (సూదితో గుచ్చి సిరలో ఉంచే సన్నటి ప్లాస్టిక్ గొట్టం) తీశాను. దాని పొడవు దాదాపు 32 మిల్లీమీటర్లు. 45 డిగ్రీల కోణంలో వెళ్తే దాదాపు 20 మిల్లీమీటర్లు కండలోనే అయిపోతాయి. సిరలోకి వెళ్లేది పన్నెండే. రక్తం వచ్చింది, సెలైన్ కూడా ఎక్కింది, నాకు సంతోషం. తెల్లారేసరికి గొట్టం సిరలోంచి జారి, పేషెంట్ చెయ్యి వాచిపోయింది. యంత్రం లోతు చెప్పింది నిజమే, లెక్క వేసుకోనిది నేను. అప్పటినుంచి లోతైన సిరలకు పొడవాటి క్యాన్యులాలు విడిగా తెప్పిస్తున్నాం.

చిన్న చిరాకులూ ఉన్నాయి. ఆగకుండా వాడితే ప్రోబ్ వేడెక్కి దానంతటదే ఆగిపోతుంది. గట్టిగా నొక్కి పట్టుకుంటే ఉన్న సిర కూడా అణిగి, అక్కడేమీ లేదంటుంది. కొత్తగా వచ్చిన డ్యూటీ డాక్టర్లకు నేర్పడానికి ఎక్కువ టైమ్ పట్టేది దీనికే.

పక్క ఊళ్లో క్లినిక్ ఉన్న స్నేహితుడు ఒక ఆదివారం అడిగాడు, "తీసుకురారా, చూద్దాం" అని. కుదరదు. జేబులో పట్టినా ఇది అల్ట్రాసౌండే, 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం దీనికీ వర్తిస్తుంది. రిజిస్టర్ చేసిన ఆసుపత్రి గేటు దాటించకూడదు. కొనాలనుకునేవాళ్లు ముందు ఆ కాగితాల సంగతి చూసుకోండి.

కొనొచ్చా అంటే, అల్ట్రాసౌండ్‌తో ముందే చెయ్యి తిరిగిన మనిషి ఒక్కరైనా ఉంటే కొనండి. లేకపోతే ఆ ఆకుపచ్చ రంగు లేని ధైర్యం ఇస్తుంది.

ఎ.కొండూరు తండాల నుంచి మాకు కిడ్నీ పేషెంట్లు వస్తుంటారు. మొన్న ఒకాయనకు ప్రోబ్ పెడితే ముంజేతిలో చక్కటి సిర, వెడల్పు, లోతు అన్నీ సరిగ్గా చూపించింది. సూది విప్పబోతుంటే మా సీనియర్ సిస్టర్ చెయ్యి అడ్డం పెట్టింది. "సార్, రేపు డయాలసిస్‌కి ఫిస్టులా వెయ్యాలంటే ఆ నరమే కావాలి." ఫిస్టులా అంటే డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి సిరను ధమనికి కలపడం. ప్రోబ్ పక్కన పెట్టి, జెల్ తుడిచి, అరచేతి వెనక ఆవిడే వేలితో వెతికి నీలం క్యాన్యులా పెట్టింది. ఒక్కసారికే పడింది.