బీఎస్సీ నర్సింగ్ పట్టా: తిరుపతిలో ఇన్నేళ్లు వాడి చూశాక

ఈ పట్టా చేతికొచ్చినవాళ్లు తిరుపతిలో ఖాళీగా కూర్చోరు. ఇంట్లోవాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. లీలామహల్ సర్కిల్ నుంచి రేణిగుంట రోడ్డు దాకా ఏ ప్రైవేటు ఆస్పత్రి మెట్లెక్కినా "ఎప్పుడు జాయినవుతావమ్మా?" అనే అడుగుతారు. జీతం సంగతి వచ్చేసరికి మాత్రం మాట నమిలేస్తారు. నా బ్యాచ్‌లో చాలామందికి మొదట చేతికొచ్చింది పన్నెండు నుంచి పదిహేను వేలు. అందులో హాస్టల్‌కీ మెస్‌కీ పోగా ఇంటికి పంపడానికి మిగిలేది ఏముంటుంది?

2016లో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ ప్రైవేటు నర్సుల జీతాలకు ఒక లెక్క ఇచ్చింది. 200 పడకలు దాటిన ఆస్పత్రి ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి. 100 దాటితే పది శాతానికి మించి తగ్గకూడదు, 50 నుంచి 100 పడకలైతే పాతిక శాతానికి మించి తగ్గకూడదు. 50 లోపు పడకలున్న చిన్న నర్సింగ్ హోమ్ కూడా 20,000కు తక్కువ ఇవ్వకూడదు. ఆ లెక్క ప్రకారం ఇచ్చిన ప్రైవేటు ఆస్పత్రి నా కంటబడలేదు. అయినా ఈ పడకల సంఖ్యను గుర్తుపెట్టుకోండి. జీతానికి పనికిరాకపోయినా, ఆ తర్వాత ప్రతిచోటా అడిగేది దాన్నే.

కొత్తగా బయటికొచ్చిన చెల్లెళ్లకు నేను చెప్పేదల్లా ఇదే. మొదటి రెండేళ్లు రెండు మూడు వేలు ఎక్కువిస్తున్నారని ఇరవై పడకల నర్సింగ్ హోమ్‌కి పోవద్దు. పెద్ద ఆస్పత్రిలో ఐసీయూనో, ఆపరేషన్ థియేటరో, డయాలసిస్సో, ఎమర్జెన్సీయో పట్టుకోండి. చిన్నచోట ఓపీ చీటీలు రాయడం, డాక్టరుగారి వెనకాల ఫైళ్లు మోయడం, బిల్లు కౌంటర్లో మనిషి లేకపోతే అక్కడా కూర్చోవడం, అన్నీ మీ మీదే పడతాయి. రెండేళ్లయ్యాక ఇంటర్వ్యూలో వెంటిలేటర్ సెట్టింగుల గురించి అడిగితే నోట మాట రాదు. ఐసీయూ నైట్లు ఒళ్లు హూనం చేస్తాయి, కాదనను. కానీ ఆ పని నేర్చుకున్న చేతికి విలువ ఉంది.

చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి బీరువాలో పెట్టుకునే ఆస్పత్రులున్నాయి. మానేస్తామంటే బాండు డబ్బు కట్టమంటాయి. మా హాస్టల్లో ఒకమ్మాయికి ఇంటర్వ్యూ వచ్చి, ఆ కాగితాలు చేతికి రాక అవకాశం చేజారింది. జిరాక్సులు ఇస్తామని, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకుంటామని మొదటిరోజే చెప్పేయండి. దానికి ఒప్పుకోని చోట చేరకపోవడమే నయం.

అనుభవం సర్టిఫికెట్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. నాకు మొదట ఇచ్చిన కాగితంలో మూడే లైన్లు: పేరు, స్టాఫ్ నర్సుగా పనిచేసింది, ప్రవర్తన బాగుంది. ఏ వార్డో, ఎన్ని పడకల ఆస్పత్రో, వారానికి ఎన్ని గంటల డ్యూటీయో ఒక్కటీ లేదు. హెచ్ఆర్‌లో ఆయన "మా ఫార్మాట్ ఇంతేనమ్మా" అన్నాడు. అప్పుడు మా ఇన్‌ఛార్జి సిస్టర్ నన్ను కూర్చోబెట్టి, వాడేసిన చార్ట్ షీటు వెనకవైపు వరసగా రాసిచ్చింది. చేరిన తేదీ, మానేసిన తేదీ, ఎంఐసీయూ (మెడికల్ ఐసీయూ), అందులో బెడ్లు, మొత్తం ఆస్పత్రి పడకలు, ఫుల్ టైమ్, సంతకం చేసేవారి హోదా, ఆఫీసు మెయిల్ ఐడీ. అది పట్టుకెళ్లి మళ్లీ టైపు చేయించుకున్నాను. గల్ఫ్‌కి అప్లై చేస్తే డేటాఫ్లో అనే సంస్థ కాలేజీకీ, నర్సింగ్ కౌన్సిల్‌కీ, ఆస్పత్రికీ రాసి మన కాగితాలు నిజమేనా అని అడుగుతుంది. ఆస్పత్రివాళ్లు ఆ మెయిల్‌కి జవాబివ్వకపోతే ఉన్న అనుభవం కూడా లేనట్టే.

ఇక ప్రభుత్వ ఉద్యోగం. రుయా, స్విమ్స్ లాంటి పెద్దాస్పత్రులు ఊళ్లోనే ఉండటంతో మన అమ్మానాన్నల కళ్లన్నీ అటువైపే. రాష్ట్రంలో స్టాఫ్ నర్సు పోస్టులకు నేను చూసిన నోటిఫికేషన్లలో రాతపరీక్ష లేదు. మొత్తం వందలో డిగ్రీ మార్కులకు 75, పాసైన తర్వాత ఏడాదికొకటి చొప్పున 10 దాకా, కాంట్రాక్టు లేదా ఔట్‌సోర్సింగ్ సేవకు మిగతా 15. అంటే నిన్నగాక మొన్న పాసైన అమ్మాయికి మార్కులెంత బాగున్నా, కోవిడ్ వార్డుల్లో చేసినవాళ్ల వెనకే నిలబడాలి. రాతపరీక్షలో సత్తా చూపగలిగితే ఎయిమ్స్ ఆస్పత్రుల నర్సు పోస్టులకు పెట్టే నార్సెట్ పరీక్ష మేలు. 2020లో మొదలైంది, ఇప్పుడు ప్రిలిమ్స్, మెయిన్స్ రెండు దశలు. కేంద్ర వేతన స్కేలులో లెవెల్ 7, మూలవేతనం 44,900. బీఎస్సీవాళ్లకు అనుభవం అక్కర్లేదు. పోస్టుల్లో 80 శాతం ఆడవాళ్లకు, 20 శాతం మగవాళ్లకు, కాబట్టి బ్రదర్స్‌కి పోటీ మరీ గట్టిగా ఉంటుంది. మంగళగిరి ఎయిమ్స్ దగ్గరే కదా అని దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి, ఎక్కడ పడినా వెళ్తామనుకున్నవాళ్లకే సీటు.

మా క్లాస్‌మేట్ ఒకతె పలమనేరు వైపు ప్రభుత్వ విలేజ్ హెల్త్ క్లినిక్‌లో పనిచేస్తోంది. జీతం 25,000, పనిని బట్టి ఇన్సెంటివ్ 15,000 దాకా. నైట్లు లేవు, సొంతూరు పక్కనే. బీపీ చూడటం, షుగర్ మాత్రలివ్వడం, ఫోన్లో డాక్టర్ని కలపడం, ఆ తర్వాత యాప్‌ల్లో ఎంట్రీలు, ఎంట్రీలు, ఎంట్రీలు. "సెలైన్‌కి కాన్యులా పెట్టి ఎన్నాళ్లయిందో" అని నవ్వుతుంది. ఇక్కడే స్థిరపడాలనుకునేవాళ్లకు నేను చూసినవాటిలో ఇదే మంచి దారి. పైదేశం వెళ్లాలనుకుంటే మాత్రం ఇందులో ఎక్కువకాలం ఉండకూడదు, వార్డు పని చేయి తప్పుతుంది.

మన పాత చిత్తూరు జిల్లావాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది, కోస్తావాళ్లకు లేనిది. చిత్తూరు, నగరి, పుత్తూరు పిల్లలకు అరవం ఎలాగూ వచ్చు. చిత్తూరులో బస్సెక్కితే గంట, గంటన్నరలో వేలూరు. అక్కడ సీఎంసీ ఆస్పత్రిలో, లేదంటే చెన్నై పెద్దాస్పత్రుల్లో రెండేళ్లు చేసిన కాగితానికి బయట గౌరవం వేరు. తమిళనాడు కౌన్సిల్లో మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. దానికి విజయవాడలోని మన కౌన్సిల్ నుంచి కాగితం తెచ్చుకోవాలి, ఆలస్యానికి సిద్ధపడి వెళ్లండి.

విదేశాల్లో గల్ఫ్ సంగతి తేలిక. ఎక్కువచోట్ల రెండేళ్ల అనుభవం, లైసెన్సు పరీక్ష, డేటాఫ్లో. సౌదీ, కువైట్, ఖతార్ లాంటి ఈసీఆర్ (వలసకు ప్రభుత్వ అనుమతి కావాల్సిన) దేశాలకు నర్సుల్ని పంపడం 2015 నుంచి కొన్ని ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలి. మన రాష్ట్రానికి ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది. ఏ ఏజెంటైనా కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్లో పేరుందో లేదో చూడండి. చట్టప్రకారం సర్వీసు చార్జీ 30,000, దానిపై జీఎస్టీ, అంతే. మా ఊళ్లో ఒకాయన "ప్యాకేజీ" పేరుతో ఐదు లక్షలు అడిగాడు. రసీదు అడిగితే ఫోనెత్తలేదు.

యూకే మీద ఆశ కాస్త తగ్గించుకోండి. కోవిడ్ తర్వాత అక్కడి ఆస్పత్రులే టికెట్టిచ్చి తీసుకెళ్లాయి. ఇప్పుడు విదేశాల నుంచి చేరేవాళ్లు బాగా తగ్గారు. పరీక్షలు మాత్రం అలాగే ఉన్నాయి: కంప్యూటర్ మీద రాసే సీబీటీకి 83 పౌండ్లు, అక్కడికెళ్లి చేసి చూపించే ఆస్కీ అనే ప్రాక్టికల్ పరీక్షకు 794. నర్సు పోస్టు కాకపోతే కేర్ వర్కర్‌గానైనా వెళ్దామనుకునే దారి 2025 జులై 22న మూతపడింది. ఇంకా ఆ వీసా ఇప్పిస్తామని ఎవరైనా అంటే దండం పెట్టి లేచి రండి.

అమెరికాకు ఎన్‌క్లెక్స్ అనే నర్సుల లైసెన్సు పరీక్ష పాసవాలి, చెన్నైలోనో హైదరాబాదులోనో రాయొచ్చు. అంతకు మించిన కష్టం గ్రీన్‌కార్డు వరసలో ఉంది, మనదేశం వాళ్లకు అది పదేళ్లు దాటిపోతోంది. అదే ఎన్‌క్లెక్స్ ఆస్ట్రేలియాకూ పనికొస్తుంది, ఆ తర్వాత అడిలైడ్‌లో ఆస్కీ ఉంటుంది.

ఇప్పుడు మా వార్డులో అందరి నోటా జర్మనీయే. నైట్ డ్యూటీలో రాత్రి రెండు గంటల మందులిచ్చాక నర్సింగ్ స్టేషన్లో చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని జర్మన్ పాఠాలు గొణుక్కునే పిల్లలు కనీసం ఇద్దరుంటారు. మామూలుగా జర్మన్ భాషలో బీ1 స్థాయితో వీసా వస్తుంది. పూర్తి నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా దానికి పై స్థాయి బీ2 కావాలి, మన సిలబస్‌లో తేడా ఉన్నచోట అక్కడ శిక్షణో పరీక్షో ఉంటుంది. ఆ గుర్తింపు వచ్చేదాకా జీతం హెల్పర్ స్థాయిలోనే. ఇది కోచింగ్ సెంటర్లు చెప్పవు. జర్మన్ భాషకు పెట్టే గోథే పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం వేర్వేరు మాడ్యూళ్లు. పోయినదొక్కటే మళ్లీ రాసుకోవచ్చు. అక్కడికెళ్లిన నా స్నేహితురాలు చెప్పిన మాటొకటి ఉంది. ఇక్కడ ఆయాలు, పేషెంటు తరఫువాళ్లు చేసే ఒళ్లు తుడవడం, తినిపించడం అక్కడ నర్సు పనే. చేయడానికి మొహమాటం లేకపోతే వెళ్లొచ్చు. ఆమె రెండు నెలలు ఏడ్చింది, ఇప్పుడు తమ్ముడి ఇంజినీరింగ్ ఫీజు కడుతోంది.

ఐసీయూ అనుభవంతో నా జీతం పెరిగింది, కానీ ప్రభుత్వ నర్సు జీతానికి ఇంకా చాలా దూరం. ఇక్కడి ఉద్యోగానికి పదికి ఐదిస్తాను, పట్టాకైతే ఎనిమిది.

జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసినవాళ్లూ అడుగుతుంటారు. నార్సెట్‌కి మీకు 50 పడకలకు తగ్గని ఆస్పత్రిలో రెండేళ్ల అనుభవం తప్పనిసరి, అందుకే పడకల గొడవ మీకే ఎక్కువ. జర్మనీకి వెళ్లినవాళ్లలో జీఎన్‌ఎం వాళ్లూ ఉన్నారు. పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేళ్లు చదవాలా, ఆ రెండేళ్లు ఐసీయూలో చేయాలా అంటే, ఇంట్లో అప్పులుంటే ఐసీయూనే.